తిమింగలాల యాత్రకు వెళ్లే వేగ కాటమరాన్: గంజాం తీరపు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్, ఇటు ఇచ్ఛాపురం దాకా ఉన్న తెలుగువాళ్లలో ఈ బోట్ల గురించి అడిగేవాళ్లు మూడు రకాలు. బోస్టన్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తూ, వాళ్లు కొన్న టికెట్ చూసి "వాంతులవుతాయా?" అని బెంగపడే అమ్మానాన్నలు. ఓడ ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్లు. ఇంజినంటే ప్రాణం పెట్టే మన ఫైబర్ బోట్ల సరంగులు. ముగ్గురి ప్రశ్నలూ ఇక్కడే ఉన్నాయి, మీకు అక్కర్లేనివి దాటేయండి.

కాటమరాన్ అంటే మన తెప్పేనా?

పేరు మనవైపుదే, బోటు మాత్రం వేరు. తమిళంలో కట్టుమరం అంటే కట్టిన దుంగలు. గోపాల్‌పూర్, ఆర్యపల్లి తీరాల్లో ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులు తరతరాలుగా కెరటం దాటింది ఆ తెప్ప మీదే. తేలిక కర్ర దుంగల్ని తాడుతో బిగిస్తారు. నీళ్లు నిలిచే గుంటే ఉండదు కాబట్టి అది మునగదు. తెల్లవాళ్లు ఈ మాటను ఇక్కడినుంచి తీసుకెళ్లి, పసిఫిక్ దీవుల్లో కనిపించిన జంట పడవలకు తగిలించారు. ఇప్పటి కాటమరాన్ ఆ జంట పడవ సంతతి. సన్నటి హల్స్ రెండు, అంటే నీళ్లలో కూర్చునే పొట్టలు, వాటిని కలుపుతూ పైన వంతెనలా డెక్కు, డెక్కు మీద ఏసీ కేబిన్, ఆపైన తిమింగలాల్ని చూడటానికి తెరిచి ఉన్న మేడ.

రెండు హల్స్ ఎందుకు? ఒకటే పెద్దది కడితే సరిపోదా?

పడవ నీళ్లను పక్కకి నెట్టుకుంటూ పోవాలి. నెట్టిన నీళ్లు కెరటాలై వెనక పరుచుకుంటాయి. వేగం పెరిగేకొద్దీ ఇంజిను బలం చాలామటుకు ఆ కెరటాలు పుట్టించడానికే ఖర్చయిపోతుంది. వెడల్పాటి పడవ ఒక వేగం దాటాక తను లేపిన కెరటాన్నే ఎక్కలేక ముక్కు పైకెత్తి ఈడుస్తూ ఉంటుంది. మీ ఫైబర్ బోటుకు లోడెక్కువైనప్పుడు ఇది చూసే ఉంటారు. పొడవు వెడల్పుకు పది, పన్నెండు రెట్లున్న హల్ నీటిని కత్తిలా కోసుకుపోతుంది. అయితే అంత సన్నటిది ఒంటరిగా నిలబడదు, ఒరిగిపోతుంది. అందుకే రెండింటిని ఎడంగా పెట్టి కలుపుతారు.

ఆ ఎడం వల్ల తిమింగలాల యాత్రకు ఇంకో మేలుంది. "అదిగో!" అని కేక వినపడగానే మూడు వందల మంది ఒకే పక్కకి పరుగెడతారు. ఒంటి హల్ బోటయితే ఆ బరువుకి బాగా వంగుతుంది. కాటమరాన్ కొద్దిగా వంగి ఆగిపోతుంది. పైగా ఇంజిను గదులు రెండు హల్స్‌లో విడివిడిగా ఉంటాయి. ఒక గదిలో నీళ్లు చేరినా, మంటలు లేచినా రెండోవైపు ఇంజినుతో ఒడ్డు చేరొచ్చు.

ఎంత వేగంగా పోతుంది? "వేగ నౌక" అనడానికి లెక్కేమైనా ఉందా?

ఈ పనిలో ఉన్న కాటమరాన్లు ఎక్కువగా 25 నుంచి 35 నాట్ల మధ్య పోతాయి. నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, కాబట్టి 30 నాట్లు అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు. రోడ్డు మీద అది పెద్ద వేగం కాదు గానీ నీళ్ల మీద చాలా ఎక్కువ.

అంతర్జాతీయ సముద్ర సంస్థ 2000 నాటి వేగ నౌకల కోడ్‌లో లెక్క ఉంది. బోటు తొలగించే నీటి ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకుని, దాని 0.1667 ఘాతాన్ని 3.7తో గుణించాలి. వచ్చేది సెకనుకు ఇన్ని మీటర్లు అనే వేగం. బోటు గరిష్ఠ వేగం అంతకు తగ్గకపోతే అది వేగ నౌక. 150 ఘనమీటర్ల బోటుకి లెక్క కడితే సుమారు 8.5 మీటర్లు, అంటే 16.6 నాట్లు వస్తుంది. ఆ కోడ్ దేశాల మధ్య తిరిగే నౌకలకు. తీరం వెంట తిరిగి అదే రేవుకి వచ్చే యాత్రల బోట్లకు ఆయా దేశాల సొంత నియమాలుంటాయి.

చూసేది తిమింగలాన్ని కదా, ఇంత వేగం దేనికి?

వేగం వెళ్లి రావడానికే, చూడటానికి కాదు. తిమింగలాలు మేత మేసే గట్టు, అంటే సముద్రం అడుగున ఉన్న మెరక, రేవుకి 25 నాటికల్ మైళ్ల (సుమారు 46 కిలోమీటర్ల) దూరంలో ఉందనుకోండి. 10 నాట్ల బోటుకి వెళ్లడానికే రెండున్నర గంటలు, రావడానికి మళ్లీ అంతే. 28 నాట్ల కాటమరాన్ గంట లోపే చేరుతుంది. నాలుగు గంటల యాత్రలో రెండు గంటలు తిమింగలాల దగ్గరే మిగులుతాయి. అక్కడికి చేరాక మాత్రం అదే బోటు సైకిలు కంటే నిదానంగా కదలాలి. ఈ రెండు పనుల్నీ చేయగల సరంగే మంచి సరంగు. బోటు ఎంత వేగం పోతుందని కాదు, తిమింగలం దగ్గర ఎంత నిదానిస్తుందని అడిగి టికెట్ కొనండి.

వెనక ఫ్యాను (ప్రొపెల్లర్) కనపడదు. మరి ఎలా నడుస్తుంది?

ఇలాంటి బోట్లలో చాలావాటికి వాటర్ జెట్లుంటాయి. హల్ అడుగున రంధ్రం ఉంటుంది, దానికి అడ్డంగా కడ్డీల జాలీ. ఆ దారిన నీళ్లు లోపలికి వస్తాయి. లోపల తిరిగే ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం వాటిని ఒత్తి వెనక సన్నటి నాజిల్ గుండా విసురుతుంది. ఆ విసురు బలానికే బోటు ముందుకు పోతుంది. పొలంలో పంపుసెట్టు పైపు నోరు వేలితో సగం మూస్తే నీటి ధార ఎంత దూరం పోతుందో చూశారుగా, సూత్రం అదే. న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్ 1950ల్లో లోతు లేని కొండ నదుల కోసం దీన్ని పనికొచ్చే స్థితికి తెచ్చాడు.

చుక్కాని ఉండదు. నాజిల్‌నే అటూ ఇటూ తిప్పుతారు. వెనక్కి రావాలంటే ఇంజిను తిప్పుడు మార్చనక్కర్లేదు. బకెట్ అనే మూత నాజిల్ ముందుకు దిగి నీటి ధారను బోటు ముక్కువైపు మళ్లిస్తుంది. బకెట్‌ని సగంలో ఆపితే ముందు తోపు, వెనక తోపు సమానమై బోటు ఉన్నచోటే నిలుస్తుంది. జెట్లు రెండు హల్స్‌లో ఎడంగా ఉన్నాయి కాబట్టి ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి పెడితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే పొరపడతారు. జెట్ బోటుకి తోపు లేకపోతే తిప్పుడూ ఉండదు. ఫ్యాను బోటులో ఇంజిను తగ్గించినా చుక్కాని కొంత పనిచేస్తుంది. జెట్‌లో నీటి ధార ఆగితే బోటు తన ఊపున తను పోతుంది. రేవు దగ్గరైనా, తిమింగలం దగ్గరైనా కంగారుపడి మొత్తం తగ్గించేయడం తప్పు. ముందే నిదానించి, కొద్ది తోపు ఉంచుకునే తిప్పాలి.

జెట్‌లో వల చిక్కుకుంటే ఏమవుతుంది?

మన సరంగులు ముందుగా అడిగేది ఇదే. లక్షణాలు రెండు రకాలు, తేడా తెలియాలి.

జాలీకి ప్లాస్టిక్ సంచి, నాచు, వల ముక్క అడ్డం పడితే ఇంపెల్లర్‌కి నీళ్లు చాలవు. ఇంజిను తేలికై చక్రాలు (నిమిషానికి తిరిగే చుట్లు) పెరుగుతాయి, వేగం పడిపోతుంది, జెట్ గదిలో గులకరాళ్లు ఆడినట్టు చప్పుడు వస్తుంది. తాడు వెళ్లి షాఫ్టుకి చుట్టుకుంటే దీనికి తలకిందులు. చక్రాలు తగ్గి, ఇంజిను మీద భారం, పొగ, వేడి పెరుగుతాయి. రెండింటిలోనూ ముందు ఆ జెట్ వేగం తగ్గించి క్లచ్ విడిపించాలి. గేర్‌బాక్సులో వెనక్కి తిప్పే వీలుంటే కాసేపు అలా తిప్పితే నీళ్లు ఎదురు పారి జాలీ మీది చెత్త జారిపోతుంది. అప్పటికీ పోకపోతే ఇంజిను ఆపి, ఎవరూ స్టార్ట్ చేయకుండా తాళం వేసి, తనిఖీ మూత విప్పి చేత్తో లాగాలి. తాళం వేయకుండా చెయ్యి పెట్టడమంటే నడుస్తున్న గ్రైండర్‌లో చెయ్యి పెట్టడమే. మూత విప్పేముందు అది బోటు నిలిచి ఉన్నప్పటి నీటిమట్టానికి పైన ఉందో లేదో చూడాలి. కింద ఉంటే సముద్రం లోపలికొస్తుంది.

ఇసుక చేసే హాని వెంటనే తెలియదు. ఇంపెల్లర్ అంచుకీ చుట్టూ ఉన్న ఉంగరానికీ మధ్య చాలా సన్నటి సందు ఉంటుంది. ఇసుక నీళ్లు తాగితే అది అరిగి పెద్దదవుతుంది, నీళ్లు పక్కనుంచి జారిపోతాయి. అదే డీజిల్‌కి వేగం ఒకటి రెండు నాట్లు తగ్గిందంటే ఇంజిను విప్పేముందు ఈ సందు కొలవండి. హల్‌కి నాచు పట్టిందా అన్నదీ చూడండి.

డీజిల్ ఎంత తాగుతుంది?

వేగ డీజిల్ ఇంజిను కిలోవాట్ గంటకు సుమారు 205 గ్రాములు కాలుస్తుంది. 1,000 కిలోవాట్ల ఇంజిన్లు నాలుగు, 85 శాతం లోడు మీద నడుస్తున్నాయనుకోండి. 3,400 కిలోవాట్లు, గంటకు సుమారు 700 కిలోలు, అంటే 830 లీటర్ల పైమాటే. అందులో సగంసేపు నిదానంగా తిరుగుతారు కాబట్టి యాత్ర మొత్తానికి ఖర్చు ఈ లెక్కంత రాదు. పనికొచ్చే గుర్తు ఒకటి: కావలసిన బలం వేగానికి ఘనంగా పెరుగుతుందని ఉజ్జాయింపుగా లెక్కేస్తే, వేగం పదోవంతు తగ్గిస్తే బలం పావు భాగానికి పైగా ఆదా అవుతుంది.

ఇనుముతో కాకుండా అల్యూమినియంతో ఎందుకు కడతారు?

బరువు కోసం. ఉక్కు బరువులో మూడో వంతే. కాటమరాన్‌కి బరువే శత్రువు. సన్నటి హల్స్ కాబట్టి కాస్త బరువు పెరిగినా లోతుగా దిగిపోతాయి, తడిసే మేర పెరుగుతుంది, వేగం పోతుంది. అందుకే కుర్చీలు కూడా తూచి కొంటారు, అనవసరంగా నిండా నీళ్ల ట్యాంకులు మోసుకెళ్లరు. ఈ విద్యలో ఆస్ట్రేలియా వాళ్లది పెద్ద చెయ్యి. హోబార్ట్‌లో ఇన్‌క్యాట్, పెర్త్ దగ్గర ఆస్టల్ కట్టిన బోట్లు ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

పలకలకు ఎక్కువగా 5083 రకం మిశ్రమం వాడతారు, ఉప్పునీటిని బాగా తట్టుకుంటుంది. కానీ రాగి తగిలితే తట్టుకోదు. ఉప్పునీళ్లలో రాగి, అల్యూమినియం కలిస్తే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరుగుతుంది. నాచు పట్టకుండా హల్‌కి పూసే రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. ఇనుప బోటుకి, చెక్క బోటుకి పనికొచ్చిన ఆ రంగు దీనికి పూయకూడదు. ఎలక్ట్రీషియన్ తెంపి పడేసిన రాగి తీగ ముక్క అడుగున మురికినీళ్లలో పడుంటే, కొన్నాళ్లకు కింద పలకకి గుంట పడుతుంది. హల్‌కి బిగించిన జింకు, అల్యూమినియం దిమ్మలు ముందుగా కరగడానికే ఉన్నాయి. సగం అరిగాక మార్చాలి, వాటిమీద రంగు వేయకూడదు. వేస్తే అవి పనిచేయవు.

రెండో బలహీనత వేడి. 200 డిగ్రీలు దాటితే అల్యూమినియం బలం గబగబా పడిపోతుంది. అందుకే ఇంజిను గది గోడలకు మంట సోకకుండా మందమైన తొడుగు ఉంటుంది. మరమ్మతుకని దాన్ని విప్పినవాళ్లు మళ్లీ సరిగ్గా బిగించారో లేదో చూడటం ఇంజినీరు పని.

కాటమరాన్ ఒరగదంటారు కదా, మరి వాంతులెందుకు?

ఒరగదు గానీ ఊగుతుంది. ఒంటి హల్ బోటు నెమ్మదిగా ఉయ్యాలలా ఒరుగుతుంది. కాటమరాన్ తక్కువ ఒరిగి టక్కున లేస్తుంది. కెరటం వెనక మూల నుంచి వస్తే ఒక హల్ లేచి, తర్వాత రెండోది లేచి, బోటు మెలి తిరిగినట్టు కదులుతుంది. చాలామందికి కడుపులో తిప్పేది అప్పుడే. ఎదురు కెరటం పెద్దదైతే రెండు హల్స్ మధ్యనున్న డెక్కు అడుగుభాగాన్ని నీళ్లు ధడేల్మని కొడతాయి. కంగారు పడకండి. అలాంటప్పుడు సరంగు వేగం తగ్గించాలి, తగ్గిస్తాడు.

మనిషి కడుపుని ఎక్కువగా తిప్పేది అయిదారు సెకన్లకోసారి పైకీ కిందకీ వచ్చే ఊపు. మంచి బోట్లలో ముక్కు కింద రెక్కలు, వెనక దిగి లేచే పలకలు కంప్యూటర్ చెప్పినట్టు కదిలి ఈ ఊపును తగ్గిస్తాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: అవి వేగంగా పోతున్నప్పుడే బాగా పనిచేస్తాయి. తిమింగలం దగ్గర బోటు ఆగాక వాటి సాయం ఉండదు. అందుకే దారంతా బాగున్నవాళ్లు అక్కడికి చేరాక డీలా పడతారు.

కూర్చోవడానికి కింది డెక్కు మంచిది, మధ్య నుంచి కొంచెం వెనక్కి. ముక్కు దగ్గరా, పై మేడ మీదా ఊపు ఎక్కువ. ఫోను చూడకండి, పుస్తకం చదవకండి. బయట నిలబడి దిగంతం వైపు చూడండి. తల తిరగడం మొదలైతే మరుగుదొడ్డిలోకి వెళ్లకండి. అక్కడ గాలి ఉండదు, గోడలు తప్ప ఏం కనపడదు. వెనక డెక్కుకి వెళ్లి కళాసీని సంచి అడగండి. గాలికి ఎదురుగా వంగవద్దు.

మందు వేసుకోవచ్చా? ఏం తినాలి?

మన బస్సు ప్రయాణాల్లో వాడే అవోమిన్ లాంటి మాత్రలు ఇక్కడా పనిచేస్తాయి. కానీ బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక మింగితే కడుపులో నిలవదు. నిద్ర ముంచుకొస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది, వేరే మందులు ఉన్న పెద్దవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు డాక్టర్ని అడగాలి. ఖాళీ కడుపు మంచిది కాదు, పూరీ కూరా మంచిది కాదు. రెండు ఇడ్లీలు చాలు. సంచిలో అల్లం మురబ్బా, ఉప్పు బిస్కెట్లు పెట్టుకోండి.

ఏం బట్టలు వేసుకోవాలి?

ఎండాకాలమే కదా అని బరంపురంలో తిరిగినట్టు వెళ్లకండి. 28 నాట్ల వేగమంటే గాలి లేని రోజున కూడా గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి. బోస్టన్ వైపు సముద్రం జూన్, జూలైల్లో కూడా చల్లగానే ఉంటుంది. స్వెట్టరు, దానిమీద గాలి దూరని కోటు, చెవులు మూసే టోపీ, రబ్బరు అడుగున్న బూట్లు కావాలి. అమ్మలకు మనవి: పట్టుచీర ఫొటోలకు బాగుంటుంది గానీ తడి మెట్ల మీద కుచ్చిళ్లు కాళ్లకడ్డం పడతాయి. సల్వారో, ప్యాంటో వేసుకోండి. మెట్లెక్కేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీదే ఉండాలి.

తిమింగలానికి ఎంత దగ్గరగా వెళ్తారు?

దేశాన్ని బట్టి ఉంటుంది. ఆస్ట్రేలియా జాతీయ మార్గదర్శకాల ప్రకారం 300 మీటర్ల లోపల 6 నాట్లు దాటకూడదు, 100 మీటర్ల కంటే దగ్గరికి పోకూడదు, పిల్ల ఉంటే 300 మీటర్లే హద్దు. న్యూజిలాండ్‌లో 50 మీటర్లు హద్దు, 300 మీటర్ల లోపల మూడు నౌకలకు మించి ఉండరాదు.

అమెరికా ఈశాన్య తీరంలో మెట్లుమెట్లుగా తగ్గించాలి. రెండు మైళ్ల దూరం నుంచి 13 నాట్లు, ఒక మైలు లోపల 10, అర మైలు లోపల 7. వంద అడుగుల లోపలికి కావాలని పోకూడదు. రైట్ వేల్ అనే జాతి ఇప్పుడు 400 కంటే తక్కువే మిగిలింది కాబట్టి దానికి 500 గజాల దూరం చట్టమే పెట్టింది. బోస్టన్ దగ్గరి కేప్ కాడ్ అఖాతంలో జనవరి 1 నుంచి మే 15 దాకా 65 అడుగులు, ఆపైన పొడవున్న బోట్లు 10 నాట్లు దాటకూడదు. ఏప్రిల్‌లో వెళ్లి "వేగ బోటన్నారు, పాకుతోందేం?" అని చిరాకు పడకండి. సియాటిల్ పిల్లలకు ఇంకో మాట: ఆ తీరంలోనే ఉండే కిల్లర్ వేల్స్‌కి వాషింగ్టన్ రాష్ట్రం 2025 జనవరి నుంచి 1,000 గజాల దూరం విధించింది.

ఎలా సమీపించాలన్నదీ ముఖ్యమే. ఎదురుగా వెళ్లకూడదు, వెనక నుంచి తరమకూడదు, గుంపు మధ్యకి దూరకూడదు. పక్కనుంచి, అది పోయే దిక్కునే, దాని వేగంతోనే నడవాలి. బోటు ఆగి ఉండగా తిమింగలమే దగ్గరికొస్తే క్లచ్ విడిపించి కదలకుండా ఉండాలి. బకెట్ సగంలో పెట్టి నిలబెట్టినా ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది, ఆ రొద నీళ్లలో పోదు.

ఫ్యాను లేదు కాబట్టి తిమింగలానికి ప్రమాదం లేనట్టేనా?

లేదు. రెక్కల కోత మాత్రమే తప్పుతుంది. వంద టన్నుల బోటు వేగంగా గుద్దితే బయట గాయం కనపడకుండానే లోపల ఎముకలు విరుగుతాయి. ఓడలు గుద్దిన ఘటనలను లెక్కగట్టి 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, తగిలిన దెబ్బ ప్రాణాంతకమయ్యే అవకాశం 8.6 నాట్ల దగ్గర 21 శాతం, 15 నాట్లకు చేరేసరికి 79 శాతం. వేగ హద్దులన్నీ 10 నాట్ల చుట్టూ తిరగడానికి కారణం ఇదే. అందుకే తిమింగలాలుండే నీళ్లలో కాటమరాన్ నడిపేటప్పుడు చుక్కాని గదిలో సరంగు కాక ఇంకో మనిషి కళ్లు నీళ్ల మీదే పెట్టి నిలబడాలి.

సముద్రం మధ్యలో వాటిని ఎలా కనిపెడతారు?

ముందు ఊపిరి చూస్తారు. నీలి తిమింగలం ఊపిరి స్తంభంలా 9 మీటర్ల దాకా లేస్తుంది. హంప్‌బ్యాక్‌ది పొట్టిగా గుబురుగా ఉంటుంది. రైట్ వేల్‌కి రెండు పాయలు. స్పెర్మ్ వేల్‌ది ముందుకి, ఎడమవైపుకి వాలి ఉంటుంది కాబట్టి దూరం నుంచే చెప్పేయొచ్చు. స్పెర్మ్ వేల్ ఒక్కసారి మునిగితే ముప్పావు గంట, గంట రాదు. అందుకని న్యూజిలాండ్ కైకౌరాలో నీళ్లలోకి మైకు దించి అది చేసే టిక్ టిక్ చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో విని, పైకొచ్చే చోటికి ముందే చేరతారు. చప్పుడు ఆగిందంటే పైకి వస్తోందని గుర్తు. పక్షుల గుంపు వాలుతున్న చోటు కూడా చూస్తారు, మన వేటగాళ్లు చేపల జాడ పట్టినట్టే.

ఎక్కడికి, ఏ నెలల్లో వెళ్లాలి?

బోస్టన్ నుంచి ఏప్రిల్–అక్టోబరు. వెళ్లేది 1992లో అభయారణ్యంగా ప్రకటించిన స్టెల్‌వాగన్ గట్టుకి. హంప్‌బ్యాక్, ఫిన్, మింకీ కనిపిస్తాయి. సిడ్నీలో మే–నవంబరు. క్వీన్స్‌లాండ్‌లోని హెర్వీ బేలో జూలై చివరి నుంచి అక్టోబరు దాకా తల్లులు పిల్లలతో ఆగుతాయి. తీరికగా చూడాలంటే మా ఓటు హెర్వీ బేకే. కైకౌరాలో స్పెర్మ్ వేల్స్ ఏడాదంతా ఉంటాయి. మనకు దగ్గరలో అంటే శ్రీలంక మిరిస్సా, డిసెంబరు–ఏప్రిల్, నీలి తిమింగలాలు. అక్కడ ఎక్కేముందు బోటు చూసుకోండి. పేరులో కాటమరాన్ అని ఉన్నా లేకున్నా లైఫ్ జాకెట్లు, రేడియో, ఎంతమందిని ఎక్కిస్తున్నారన్నది చూడాలి.

గోపాల్‌పూర్ నుంచి ఇలాంటి యాత్ర ఎందుకు లేదు?

మన బంగాళాఖాతంలో తిమింగలాలు లేక కాదు. అప్పుడప్పుడు ఒడ్డుకి కొట్టుకొచ్చే కళేబరాలే సాక్ష్యం. కానీ వ్యాపారం నడవాలంటే అవి ఫలానా నెలలో ఫలానా చోట ఉంటాయన్న నమ్మకం ఉండాలి. స్టెల్‌వాగన్ గట్టు, కైకౌరా అగాధం మేతకు ప్రసిద్ధి కాబట్టే అక్కడ నడుస్తోంది. రెండోది, గోపాల్‌పూర్ బీచి నేరుగా కెరటం విరిగే తీరం. వెనకటికి ఓడలు ఒడ్డుకి దూరంగా సముద్రంలో లంగరేస్తే, తాడుతో కుట్టిన మాసులా పడవలే సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకి చేర్చేవి. ఇప్పుడున్న పోర్టు సరుకు ఓడలది. అల్యూమినియం కాటమరాన్‌కి ప్రశాంతమైన జెట్టీ కావాలి. మూడోది తాబేళ్లు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టే కాలంలో, నవంబరు 1 నుంచి మే 31 దాకా, 20 కిలోమీటర్ల లోపల వేటకే నిషేధం ఉంది. సముద్రం నెమ్మదిగా ఉండే నెలలూ అవే. నీటిపైకి ఊపిరికొచ్చే తాబేళ్ల మధ్య 30 నాట్ల బోటు నడపాలని ఎవరూ కోరుకోకూడదు.

చిలికాలో నడపొచ్చా?

వద్దు. చిలికా చాలాచోట్ల నడుము లోతే. గడ్డి, వలలు జెట్ జాలీని పది నిమిషాల్లో మూసేస్తాయి. ఇంకా ముఖ్యం, అక్కడుండే ఇరవాడీ డాల్ఫిన్లు నూటయాభై అటూ ఇటూ మాత్రమే. పెద్ద బోటు లేపే కెరటం కట్టల్నీ, చిన్న పడవల్నీ కొడుతుంది. చిలికాకి తగినది చిన్న బోటు, నిదానం. అక్కడి బోటువాళ్లు వాడే పొడుగు షాఫ్టు మోటార్లకు ఫ్యాను బయటే తిరుగుతుంది. అందుకే డాల్ఫిన్ కనపడగానే ఇంజిను ఆపమని మీరే బోటు అన్నయ్యకి చెప్పండి. "దగ్గరగా తీసుకెళ్లు, ఇంకో వంద ఇస్తా" అనే మన మాటే వాటికి గండం. సత్పడకి పూరీ వైపు నుంచి రోడ్డుంది. మన గంజాం వైపు నుంచైతే పాలూరు, మాలుద్ మీదుగా జన్హికుడ చేరితే అక్కడినుంచి సత్పడకి వాహనాలు ఎక్కించుకునే ఫెర్రీ ఉంది.

విదేశాలకు వెళ్లకుండా వేగ కాటమరాన్ ఎక్కాలంటే?

అండమాన్. శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్, నుంచి స్వరాజ్ ద్వీప్‌కి (పాత హావ్‌లాక్) వేగ కాటమరాన్ ఫెర్రీలు నడుస్తాయి, సుమారు గంటన్నర ప్రయాణం. తిమింగలాల కోసం కాదు గానీ ఊపు, కుదుపు, చప్పుడు అదే రకం. బోస్టన్ టికెట్‌కి ముందు కడుపు పరీక్షకి అది చాలు. 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో బోట్లూ జంట హల్స్‌వే, బ్యాటరీ మీద నిదానంగా పోతాయి.

లైఫ్ జాకెట్ అందరికీ ఉంటుందా?

ఉండాలి. పెద్దలందరికీ లెక్క సరిపోవడమే కాక పిల్లల సైజువి విడిగా ఉండాలి. ఎక్కగానే మీ పిల్లల జాకెట్ ఏ పెట్టెలో ఉందో కళాసీని అడిగి కళ్లతో చూడండి. బోటులో ఎంతమంది ఎక్కొచ్చన్నది కుర్చీల లెక్క కాదు, నిలకడ లెక్క. అమెరికా కోస్ట్ గార్డ్ 2011 డిసెంబరు నుంచి మనిషి సగటు బరువుని 185 పౌన్లుగా, అంటే 84 కిలోలుగా, పెంచింది. దాంతో పాత బోట్లు కొన్ని తక్కువమందిని ఎక్కించుకోవలసి వచ్చింది. ఎక్కేటప్పుడు మనుషుల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టడం దీనికోసమే, అప్పుడు వరస తప్పించుకుని దూరకండి.

మా అబ్బాయికి ఈ బోట్లలో ఉద్యోగం దొరుకుతుందా?

సూటిగా చెప్తాం. అమెరికాలో తీరం వెంట తిరిగే బోట్లలో పని అక్కడి పౌరులకు, కొంతమేరకు శాశ్వత నివాసం ఉన్నవాళ్లకు మాత్రమే. "బోస్టన్ వేల్ బోటులో కళాసీ పోస్టు, రెండు లక్షలు కట్టండి" అని ఎవరన్నా అంటే ఆ మాట అక్కడే ఆపేయండి.

దారి ఇలా ఉంటుంది. భారత నౌకాయాన డైరెక్టరేట్ గుర్తించిన సంస్థలో జీపీ రేటింగ్ (డెక్కు, ఇంజిను పనులు చేసే మామూలు సిబ్బంది కోర్సు) లాంటి ప్రవేశ శిక్షణ, ఇండాస్ నంబరు (నావికుడి గుర్తింపు సంఖ్య), సీడీసీ పుస్తకం (నావికుడి గుర్తింపు, సర్వీసు పుస్తకం), ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణ మీద అంతర్జాతీయ ఒప్పందం) ప్రాథమిక భద్రతా కోర్సులు. ఆ కోర్సులు ప్రాణరక్షణ, మంటలార్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత బాధ్యతల మీద ఉంటాయి. వేగ నౌకల కోడ్ కింద నడిచే బోటులో పనిచేసే ఆఫీసర్లకు ఆ బోటు, ఆ దారి పేరిట టైప్ రేటింగ్ అనే అర్హత పత్రం కావాలి. దాన్ని రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇంజిను పని తెలిసిన కుర్రాళ్లకు మా సలహా: డీజిల్ మెకానిక్ ఐటీఐతో పాటు అల్యూమినియం వెల్డింగ్ నేర్చుకోండి. ఇనుము వెల్డింగ్ వచ్చిన చేతికి అది రాదు, వేరే విద్య. వచ్చినవాళ్లు తక్కువ.

ఏజెంటుకి ఆర్‌పీఎస్ఎల్, అంటే నావికుల్ని ఓడ ఉద్యోగాలకు చేర్చే సంస్థలకిచ్చే లైసెన్సు, ఉందో లేదో డైరెక్టరేట్ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూడండి. లైసెన్సున్న ఏజెంటు ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీడీసీ నకలు వాట్సాప్‌లో పంపి అడ్వాన్సు అడిగేవాళ్లని నమ్మకండి.

తిమింగలం కనపడకపోతే డబ్బు తిరిగిస్తారా?

చాలా సంస్థలు ఇంకో యాత్రకు టికెట్ ఇస్తాయి, కొన్ని కొంత డబ్బు తిరిగిస్తాయి. కొనేముందే చదవండి. వాతావరణం బాగాలేక వాళ్లే రద్దు చేస్తే డబ్బు వెనక్కి రావడం మామూలే. అందుకని తిరుగు విమానం ముందురోజు యాత్ర పెట్టుకోకండి, వచ్చిన మొదటి వారంలోనే పెట్టుకోండి.

మన ఒడ్డుకి తిమింగలమో, డాల్ఫినో కొట్టుకొస్తే?

తిమింగలాలు, డాల్ఫిన్లు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అటవీ శాఖకి ఫోన్ చేయండి. ప్రాణం ఉంటే పైనున్న ఊపిరి రంధ్రంలోకి నీళ్లు, ఇసుక పోకుండా చూస్తూ ఒంటిమీద తడి గుడ్డ కప్పండి. తోక పట్టి లాగకండి. తిమింగలం వాంతి అని చెప్పుకునే మైనపు ముద్ద దొరికినా అంతే. అది స్పెర్మ్ వేల్ పేగుల్లో పుట్టేది, మన దేశంలో దాన్ని దగ్గర పెట్టుకోవడం, అమ్మడం నేరం. కోట్లొస్తాయని చెప్పే దళారి మాట విని ఇంటికి తీసుకెళ్లకండి.